సర్వసిద్ధి తాలూకా, సువా

మా ఆయన నల్ల బూట్లకి మళ్ళీ బూజు పట్టింది. ఈ నెలలో ఇది రెండోసారి. ఫిజీ రాజధాని సువాలో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుందని బయల్దేరకముందే చదివాం. మన విశాఖపట్నం వానకి దాదాపు మూడింతలని లెక్క కూడా వేసుకున్నాం. అంతా తెలిసి కూడా తోలు వస్తువులన్నీ పెట్టెలో సర్దుకుని వచ్చాం. ఇప్పుడు బూట్లు, బెల్టు, నా హ్యాండ్‌బ్యాగు, చివరికి బైబిలు అట్ట కూడా వారానికోసారి వెనిగర్‌లో ముంచిన గుడ్డతో తుడవాల్సిందే. శనివారం రాత్రి ఆ పని ఈయనది. ఇక్కడి కిటికీలకు ఒకదాని కింద ఒకటి గాజు పలకలుంటాయి, ఎంత తిప్పినా పూర్తిగా మూసుకోవు. తడి, వాన వాసన, అప్పుడప్పుడూ ఒక బల్లి, అన్నీ ఇంట్లోకే.

మేం ఫిజీకి వచ్చి పదకొండు నెలలైంది. ఇంకో ఏడు నెలలున్నాయి. ఈయన రిజిస్ట్రేషన్ శాఖలో 34 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచర్ని. మాది యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం. "అదే చర్చి? ఆర్‌సీఎమ్మా, సీఎస్ఐయా?" అని గాజువాకలో మా వీధివాళ్ళు ఇప్పటికీ అడుగుతారు. రెండూ కాదని చెబితే, ఓహో అని ఊరుకుంటారు. మా సంఘంలో పిల్లల బాధ్యతలు తీరిన భార్యాభర్తలు కొన్నాళ్ళు మిషనరీలుగా వెళ్ళొచ్చు. ఖర్చంతా ఎవరిది వాళ్ళదే. ఎక్కడికి పంపిస్తే అక్కడికి వెళ్ళాలి. ఉత్తరం వచ్చినరోజు ఫిజీ అని చదివి, ఈయన గోడమీది ప్రపంచపటంలో పది నిమిషాలు వెతికారు. సోషల్ టీచర్ మొగుడు!

మిషనరీ అంటే మన కళ్ళముందు మెదిలేది దొర, దొరసాని. విశాఖపట్నానికి 1805లోనే లండన్ మిషన్ వాళ్ళు క్రాన్, డి గ్రాంజెస్ వచ్చి, తెలుగు నేర్చుకుని సువార్తలు అనువదించడం మొదలుపెట్టారు. పాఠం చెప్పేటప్పుడు ఆ పేర్లు బోర్డుమీద రాసేదాన్ని. మిషనరీ అన్న మాట నా గుండెమీద బ్యాడ్జీగా అంటుకుంటుందని అప్పుడనుకోలేదు. మా సంఘం తెలుగునాట మొదలైన తీరు కూడా ఇటు పసిఫిక్ నుంచే. సమోవాలో ఉద్యోగరీత్యా ఉంటూ సంఘంలో చేరిన ధర్మరాజు గారు, ఎల్సీ గారు అనే తెలుగు దంపతులు 1978 డిసెంబరులో హైదరాబాదు వచ్చి తమ చుట్టాలకే ముందు చెప్పారు. ఇరవై రెండు మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎల్సీ గారి నాన్నగారు బాప్టిస్టు పాస్టరు, మా సంఘం పవిత్రగ్రంథం మోర్మన్ గ్రంథాన్ని తెలుగు చేసే పని ఆయన చేతికే వచ్చింది. వాళ్ళు ఈ సముద్రం నుంచి అటు వెళ్ళారు, మేం అటునుంచి ఈ సముద్రానికి వచ్చాం. ఇద్దరికీ పోలిక లేదులెండి. మేం చేసే పని చాలా చిన్నది.

పొద్దున్న ఐదింటికి లేస్తాం. అప్పటికి ఇండియాలో ముందురోజు రాత్రి పదిన్నర. బెంగుళూరులో అమ్మాయి పడుకోబోయే ముందు మాట్లాడాలంటే అదే సమయం. ఫోను అయ్యాక వాన లేకపోతే కాసేపు నడక. ఎదురొచ్చిన ప్రతివాళ్ళూ "బులా" అంటారు. పోలీసు, చెత్తబండివాడు, స్కూలు పిల్లలు, అందరూ. మొదటివారం ఈయన అందరికీ నమస్కారం పెట్టి బులా అనేవారు, ఇప్పుడు కనుబొమ్మలు ఎగరేసి ఊరుకుంటున్నారు. ఇక్కడివాళ్ళు ఔనన్నదానికి కనుబొమ్మలే ఎగరేస్తారు, అదీ అబ్బింది.

మా సంఘంలో టీ, కాఫీ నిషేధం. బాప్తిస్మం తీసుకున్న కొత్తలో నాకు తలనొప్పితో నెలరోజులు నరకం కనిపించింది. అప్పట్నుంచీ ఎవరింటికి వెళ్ళినా "టీ తాగరా, అదేం మతమండీ" అనిపించుకోవడం మామూలే. ఇక్కడ ఆ బాధ లేదు. నిమ్మాకులు వేడినీళ్ళలో మరిగించి పంచదార వేసి ఇస్తారు, ద్రౌనిమోలి అంటారు. ఇన్నేళ్ళకి నాకూ ఒక గ్లాసు దొరికింది.

ఈయనకి దొరికింది సులు. పాంటు బదులు మోకాళ్ళ కింది దాకా వచ్చే కుట్టిన లుంగీ. ఆఫీసులకీ, గుడికీ, పెళ్ళికీ అదే. మా కుర్ర మిషనరీలు కూడా తెల్లచొక్కా, టై, సులు, చెప్పులతో తిరుగుతారు. "జేబులున్న లుంగీ కట్టుకుని టై పెట్టుకోవచ్చని ముందే తెలిస్తే సబ్‌రిజిస్ట్రారాఫీసులో కూడా ఇదే కట్టేవాణ్ణి" అని ఇప్పటికి ఓ ఇరవైసార్లన్నారు. బూట్లు మాత్రం ఆదివారానికి వదలరు. అందుకే ఆ బూజు గొడవ.

శనివారం సువా మార్కెట్టు. ఇక్కడ తూకం తక్కువ, కుప్పల లెక్క. బల్లమీద నాలుగేసి వంకాయలు, ఐదారు టమాటాలు కుప్పలుగా పేర్చి, అట్టముక్కమీద రెండు డాలర్లు, మూడు డాలర్లు అని రాసి పెడతారు. ఇంగ్లీషులో "హీప్" అంటారుగాని, మా అనకాపల్లి సంతలో మా అత్తగారు బేరమాడే కుప్పే అది. ఒక్క తేడా, ఇక్కడ బేరం ఉండదు. బేరమాడబోతే అమ్మే ఆవిడ నవ్వేసి, ఇంకో రెండు వంకాయలు కుప్పమీద పెట్టి ఇస్తుంది. నాకైతే చేతులు కట్టేసినట్టుంటుంది. చేమదుంప పేరు డాలో, ఒక్కోటి మన కందంత ఉంటుంది. కర్రపెండలం, చిలగడదుంప, మునగాకు అన్నీ ఉన్నాయి. కరివేపాకుని మాత్రం ఇక్కడి హిందీలో తేజ్‌పత్తా అంటారు. తెలీక మొదటిసారి బిర్యానీ ఆకు కొనబోయి చేతినిండా కరివేపాకుతో ఇంటికొచ్చాను. పప్పంటే బఠాణీ పప్పు. కందిపప్పు దొరుకుతుందిగాని, ఫిజీ డాలరుని ముప్పైఎనిమిది పెట్టి గుణించి చూస్తే చెయ్యి వెనక్కి వస్తుంది. పింఛను రూపాయల్లో వస్తుంది, ఖర్చు డాలర్లలో పోతుంది. పింఛనంటే గుర్తొచ్చింది, ఈమధ్య ఈయన "నేను బతికే ఉన్నాను" అని రుజువు పంపించడానికి ఫోన్ కెమెరా ముందు కూర్చుని ఓ పూటంతా కళ్ళార్పారు. యాప్ ఒప్పుకోదే! "ముఖం సరిపోలలేదు" అంటుంది. చివరికి కళ్ళజోడు తీసి, కిటికీ పక్కకి జరిగితే బతికున్నట్టు తేలింది.

ఇక మా అసలు పని. ఇళ్ళ తలుపులు తట్టి సువార్త చెప్పడం కుర్రవాళ్ళది. మా ఇద్దరినీ వంశావళి కేంద్రంలో కూర్చోబెట్టారు. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, తడికి అంటుకుపోయే కాగితాలు. పూర్వీకుల పేర్లు వెతకడం మా విశ్వాసంలో భాగం. అయితే ఎవరి పెద్దల పేర్లు వాళ్ళవి, వచ్చినవాళ్ళు ఏ మతమైనా సరే వెతికిపెట్టి కాగితం చేతికిస్తాం, అంతే.

వచ్చేవాళ్ళలో సగంమంది గిర్మిటియాల మనవలు, మునిమనవలు. 1879 నుంచి 1916 దాకా అరవైవేల పైచిలుకు భారతీయుల్ని చెరుకుతోటల్లో కూలికి ఫిజీ తీసుకొచ్చారు. ఐదేళ్ళ "అగ్రిమెంటు", అది జనం నోట్లో గిర్మిట్ అయింది. మొదట్లో ఓడలన్నీ కలకత్తా నుంచే. 1903 నుంచి మద్రాసు నుంచి కూడా మొదలయ్యాయి. మొత్తంమీద నాలుగోవంతు దక్షిణాదివాళ్ళు, అందులో మన ఉత్తరాంధ్ర, గోదావరి, కృష్ణా, ఉత్తర ఆర్కాటు జిల్లాలవాళ్ళున్నారు. 1941లో ఇక్కడ దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘం పెట్టుకుని బడులు నడిపారు కూడా. కానీ ఇంట్లో తెలుగు మిగల్లేదు. తమిళం, తెలుగు, మలయాళం అన్నీ ఫిజీ హిందీలో కలిసిపోయాయి. ఆ హిందీలో చిన్నా పెద్దా అందరూ "తుమ్"లే. ముప్పైనాలుగేళ్ళు "గారు" అనిపించుకున్న మనిషిని పదేళ్ళ పిల్ల "తుమ్ బైఠో" అంటే మొదట్లో ఉలిక్కిపడేవారు.

ప్రతి కూలీకీ ఒక ఎమిగ్రేషన్ పాస్ ఉండేది. వాటి కాపీలు ఇక్కడి నేషనల్ ఆర్కైవ్స్‌లో తీసుకుని జనం మా దగ్గరికొస్తారు, చదివిపెట్టమని. పేరు, తండ్రిపేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఎత్తు, ఒంటిమీది గుర్తులు. కింద ఆరోగ్యంగా ఉన్నాడని డాక్టరు సంతకం. రాసింది కూలీల్ని ఓడెక్కించే డిపోలో గుమాస్తా. కూలీ చెప్పింది తనకి వినపడ్డట్టు ఇంగ్లీషులో గీకి పారేశాడు. అప్పలస్వామి "అప్పల్ సామీ" అయ్యాడు, సింహాచలం "సిమ్మా చెల్లం" అయ్యాడు. ఇక్కడి పిల్లలు దాన్ని ఇంగ్లీషువాళ్ళలా చదువుతారు. ఈయన మాత్రం కాగితాన్ని కాస్త దూరంగా పెట్టి, పైకి గట్టిగా చదువుతారు. కంటితో కాదు, చెవితో చదవాలంటారు. పాత దస్తావేజులు చదివీ చదివీ వచ్చిన విద్య. కులం గడి దగ్గర మాత్రం వేలు ఆపరు, దాటేస్తారు. అడిగితే చెబుతారు, అడక్కపోతే చెప్పరు. ఈ దీవుల్లో అది చాలావరకు సముద్రంలో కొట్టుకుపోయింది. పోయినదాన్ని వెతికిపెట్టడానికి మేం రాలేదు కదా.

మార్చిలో ఒక ముసలావిడ వచ్చింది. డెబ్బైఎనిమిదేళ్ళు. నౌసోరి వైపు నుంచి బస్సులో, ప్లాస్టిక్ కవర్లో మడతపెట్టిన పాస్ కాపీ పట్టుకుని. అందరూ ఆజీ అంటారు, నాయనమ్మని ఇక్కడ అలాగే పిలుస్తారు. మేమూ అదే అన్నాం. వాళ్ళ ఆజా, అంటే తాతగారు, ఏ ఊరినుంచి వచ్చాడో తెలుసుకోవాలని ఆవిడ కోరిక. మనవడు ఇంటర్నెట్‌లో వెతికి అలాంటి ఊరే ఇండియాలో లేదని తేల్చాడట. "మా ఊరు సుర్వసిడ్డీ" అంది. ఇంట్లో మూడు తరాలుగా చెప్పుకుంటున్న పేరు.

ఈయన కాగితం అందుకుని దూరంగా పెట్టారు. "సుర్వసిడ్డీ" అన్నారు. ఇంకోసారి అన్నారు. మూడోసారి అనబోతూ కుర్చీలోంచి లేచి నిలబడిపోయారు. "సర్వసిద్ధే! ఇదిగో, మన సర్వసిద్ధి తాలూకా!" అని నావైపు తిరిగి అరిచారు. పక్క కంప్యూటరు దగ్గర పిల్లలు బెదిరిపోయారు.

సంగతేంటంటే, ఇంగ్లీషువాళ్ళ కాలంలో విశాఖపట్నం జిల్లాలో సర్వసిద్ధి అని తాలూకా ఉండేది. కచేరీ యలమంచిలిలో. ఇప్పుడా తాలూకా లేదు. జిల్లా కూడా మారి 2022 నుంచి అనకాపల్లి అయింది. ఎస్. రాయవరం అంటామే, ఆ ఎస్ సర్వసిద్ధే. ఈయన యలమంచిలి ఆఫీసులో నాలుగేళ్ళు పనిచేశారు. రికార్డు రూములో పాత పుస్తకాల వీపుమీద ఆ పేరు రోజూ చూసేవారట. అంటే ఆజీ కుటుంబం ఊరనుకుంటున్నది తాలూకా. ఊరు కింద గడిలో ఉంది. కొత్తప... అని మొదలై, సరిగ్గా కాగితం మడతలోకి వెళ్ళిపోయింది. కొత్తపాలెమో, కొత్తపల్లో, కొత్తపేటో. ఉత్తరాంధ్రలో ఈ మూడూ లేని దిక్కు లేదు.

ఎడమ మోచేతి మీద మచ్చ, ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు, వయసు ఇరవై. ఆజీ ఆ మచ్చ అన్న మాట దగ్గర ఆగి, తన ఎడమ మోచేయి తిప్పి చూసుకుంది. అక్కడేమీ లేదు. మచ్చలు వారసత్వంగా రావని ఆవిడకీ తెలుసు.

ఇక్కడ నా సొంత గొడవ ఒకటి చెప్పాలి. మేమొచ్చిన రెండు నెలలకి అమ్మాయి మళ్ళీ నెల తప్పింది. మొదటి పురుడు నేనే పోశాను, గాజువాకలో, నలభై రోజులు కాలు బయటపెట్టనివ్వకుండా. రెండోదానికి వియ్యపురాలు చేసింది. వెళ్ళొస్తానంటే ఇక్కడ ఎవరూ వద్దనరు. కానీ సువా నుంచి నాందీకి నాలుగు గంటల బస్సు (రాయడం నాడి, పలకడం నాందీ, చూశారా గుమాస్తాలు ఎక్కడైనా ఒకటే), అక్కడ్నుంచి సింగపూరు, తర్వాత బెంగుళూరు. టికెట్ల లెక్క వేస్తే మిగిలిన నెలల ఇంటద్దె అంతా అందులోకే పోయేలా ఉంది. "వద్దులే అమ్మా, అత్తయ్య ఉన్నారుగా" అంది అమ్మాయి. అన్న తర్వాత ఫోను పెట్టెయ్యలేదు, మాట్లాడనూలేదు. ఆ శబ్దం నాకింకా వినపడుతూనే ఉంది. మా ఆడపడుచు అయితే మొహమాటం లేకుండా అంది, "కన్నకూతురి పురుడు వదిలేసి ఊళ్ళోవాళ్ళ తాతల పేర్లు వెతుకుతున్నావా వదినా" అని. నా దగ్గర జవాబు లేదు. దేవుడి పని అనేస్తే సరిపోయేదేమో. అంత తేలిగ్గా ఆ మాట వాడటం నాకిష్టం లేదు. మనవరాలిని ఫోన్లో చూశాను, నెత్తినిండా జుట్టు. వీపు నిమరాలనిపించి ఫోనుమీద వేలు పెడితే తెర ఇంకో పేజీకి వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే తుపాను హెచ్చరిక వచ్చింది. ఇక్కడ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుపాన్ల కాలం. మా కుర్ర మిషనరీలు నలుగురు, ఇద్దరు టోంగా, ఒకడు సమోవా, ఒకడు అమెరికా యూటా, మా ఇంట్లోనే పడుకున్నారు. సువాలో మా గుడి 2000 జూన్‌లో ప్రతిష్ఠించినప్పుడు ఊళ్ళో తిరుగుబాటు, ప్రధానమంత్రి పార్లమెంటులో బందీ. మరమ్మతులయ్యాక 2016 ఫిబ్రవరి 21న మళ్ళీ ప్రతిష్ఠ, ముందురోజు రాత్రే విన్‌స్టన్ తుపాను. టోంగా పిల్లాడు ఈ కథ భయపెట్టేలా చెబుతుంటే, "నాయనా, మేం హుద్‌హుద్ చూసొచ్చాం" అన్నాను. వాడికి హుద్‌హుద్ ఏంటో తెలీదు. కొవ్వొత్తి పెట్టుకుని, 2014 అక్టోబరు 12న మా డాబామీది నీళ్ళ ట్యాంకు పక్కవీధిలో దొరికిన సంగతి చెప్పాను. తుపాను దారి మళ్ళి పోయింది. పిల్లలు నేను చేసిన పప్పుచారు గిన్నెలు నాకి, రెండు కిలోల బియ్యం అవగొట్టి వెళ్ళారు.

ఆజీ మళ్ళీ రెండుసార్లు వచ్చింది. రెండోసారి డబ్బాలో భోజనం తెచ్చుకుంది, నన్నూ కూర్చోమంది. అన్నం, పప్పు, కొబ్బరిపాలు పోసి వండిన చేమాకు. మూత తీసి, చేతులు జోడించి, కళ్ళు మూసుకుని ఏదో అంది. ప్రార్థనేమో అని నేనూ తల వంచాను. "మెత్కు పారెక్కు, మెత్కు పారెక్కు." రెండుసార్లు.

అదేంటని అడిగాను. ఆజా నేర్పిన మంత్రమట. తెలుగు దేవుడి మంత్రం. తినేముందు పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టి ఆయన అనేవాడట. అర్థం ఎవరికీ తెలీదు. ఆవిడ తన పిల్లలకి నేర్పింది, వాళ్ళు ఆక్లాండ్‌లో, బ్రిస్బేన్‌లో తమ పిల్లలకి నేర్పారు.

నాకు గొంతులో అడ్డం పడింది. మంత్రంగానే ఉండనిస్తే ఏం పోయిందిలే అనుకుని నోరు మూసుకున్నాను. కానీ ఈయనున్నారే, దస్తావేజులో తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేరు. "అది మంత్రం కాదు ఆజీ" అన్నారు తన వచ్చీరాని హిందీలో. "మెతుకు పారేయకు. అన్నం గింజ కింద పడేయొద్దని. మా అమ్మ కూడా రోజూ అనేది."

నేను కాలితో తొక్కుతూనే ఉన్నాను, ఆయనకి తెలిస్తే కదా.

ఆజీ కొంచెంసేపు ఈయన మొహంలోకే చూసింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళమ్మట నీళ్ళు కారేదాకా నవ్వింది. అంటే డెబ్బై ఏళ్ళుగా ఆజా మమ్మల్ని తిడుతున్నాడన్నమాట, అంది. ఇంకా నవ్వుతూనే డబ్బా మూతలో పడిన రెండు మెతుకులు వేలితో అద్దుకుని నోట్లో వేసుకుంది.

మర్నాడు ఆక్లాండ్ కొడుక్కి ఫోన్ చేసి చెప్పిందట. వాళ్ళు కూడా నవ్వారట. రాత్రి భోజనాల దగ్గర మాత్రం మళ్ళీ చేతులు జోడించి అదే అన్నారట.

కొత్తప... ఏదో ఇంకా తేలలేదు. యలమంచిలిలో ఈయన పాత సహోద్యోగి ఒకాయన చుట్టుపక్కల కొత్తపాలేలు, కొత్తపల్లులు జాబితా రాసి వాట్సాప్‌లో పంపించాడు, పదకొండు తేలాయి. పనిలోపని యలమంచిలి రైల్వేస్టేషన్ బోర్డు ఫోటో కూడా పెట్టాడు. దాన్ని ప్రింటు తీసి ఆజీ కోసం ఉంచాను, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, తడి తగలకుండా. మంగళవారం వస్తానంది. చేమాకు తెస్తుందట, మా పద్ధతిలో చింతపండు వేసి వండి చూపించమంది. ఇక్కడి చేమాకుకి దురద ఎక్కువ, చింతపండు ఎంత పడుతుందో ఒకసారి మార్కెట్లో అమ్మే ఆవిణ్ణి అడగాలి.